పులికాట్‌లో ఉత్తరపు నీళ్లే మేలని రాసి కొట్టేశాం: ఒక కేస్ స్టడీ

పులికాట్ సరస్సు నీటి పరీక్షల మొదటి విడత ముసాయిదాలో మేం రాసిన వాక్యం ఇది: "కరిగిన ఆక్సిజన్ దక్షిణం నుంచి ఉత్తరానికి పోయేకొద్దీ పెరుగుతోంది. సరస్సు ఉత్తర భాగం మెరుగైన స్థితిలో ఉంది." దానికి తోడు ఒక పటం. కింద లేత నీలం, పైకి పోయేకొద్దీ ముదురు నీలం. చూడముచ్చటగా కుదిరింది. కొన్ని వారాలకే ఆ వాక్యాన్నీ పటాన్నీ రెండింటినీ తీసేశాం.

అందులో దొంగ అంకె ఒక్కటీ లేదు. మీటరు ఏం చూపిస్తే అదే రాశాం. అయినా నివేదిక తలకిందులుగా వచ్చింది. అది ఎట్లా జరిగిందో, రెండోసారి ఎట్లా సరిదిద్దుకున్నామో ఈ పనిలో ఉన్నవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నా. పని చేయించుకున్న సంస్థ పేరు గానీ, వాళ్లకిచ్చిన పట్టికలు గానీ ఇక్కడ పెట్టడం లేదు, అవి వాళ్ల సొత్తు. పొరపాట్లు మాత్రం నావి, అవి చెప్పుకోవచ్చు.

అడిగింది ఒకటి, అడగాల్సింది ఇంకొకటి

సరస్సు ఉత్తరపు అంచు ఊళ్లలో రొయ్య, చేప పడటం తగ్గిందన్నది ఫిర్యాదు. రొయ్యల చెరువుల నీళ్లు కలవడం వల్లనని కొందరు, సముద్రపు మొగ (సరస్సు సముద్రంలో కలిసే నోరు) పూడిపోవడం వల్లనని కొందరు, శ్రీహరికోట రోడ్డు అడ్డం పడటం వల్లనని ఇంకొందరు అంటున్నారు. మమ్మల్ని అడిగింది చిన్న పనే. పది చోట్ల నీళ్లు తీసి, పరీక్ష చేసి, "పులికాట్ సరస్సు నీటి నాణ్యత" అనే ఒక పట్టిక ఇవ్వాలి. కింద సగటు వరుస ఉండాలి. పక్కన ప్రమాణం ఉండాలి. పాసా, ఫెయిలా తేలాలి.

ఆ సగటు వరుస దగ్గరే నేను మొదటి రోజు అభ్యంతరం చెప్పాల్సింది. చెప్పలేదు. కాంట్రాక్టు కాగితం మీద సంతకం పెట్టేటప్పుడు ఎవరికీ ధైర్యం ఎక్కువ ఉండదు.

సరస్సు తీరు

పాతవాళ్లు ప్రళయకావేరి అని పిలిచే ఈ సరస్సు మన దేశంలో చిలికా తర్వాత రెండో పెద్ద ఉప్పునీటి కయ్య. పొడవు సుమారు 60 కిలోమీటర్లు. వెడల్పు కొన్నిచోట్ల 200 మీటర్లు, కొన్నిచోట్ల 17.5 కిలోమీటర్లు. సగటు లోతు ఒక్క మీటరు. పోటు మీద ఉన్నప్పుడు నీటి విస్తీర్ణం 450 చదరపు కిలోమీటర్లు, పాటు మీద 250 అని లెక్క. ఈ రెండు అంకెల మధ్య తేడా చూడండి. దాదాపు సగం సరస్సు ఒక గంట నీరు, ఇంకో గంట బురద. ఇలాంటి చోట "సరస్సు సగటు" అంటే దేని సగటు?

తూర్పున శ్రీహరికోట దీవి గోడలా నిలబడి సముద్రాన్ని ఆపుతుంది. దక్షిణాన ఆరణి, పడమట కాళంగి, ఉత్తరాన స్వర్ణముఖి పాయ మంచినీళ్లు తెస్తాయి. మంచినీళ్లంటే ఏడాది పొడవునా కాదు, ఈశాన్య రుతుపవనాల పుణ్యమా అని అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. తర్వాత ఈ ఏర్లు పేరుకే ఏర్లు. సముద్రంతో రాకపోకలున్న ప్రధాన మొగ పళవేర్కాడు దగ్గర, అంటే తమిళనాడులో. ఉత్తరాన వాకాడు మండలం వైపు రాయదొరువు, తూపిలిపాలెం మొగలున్నాయి గానీ ఇసుక మేటలు వేసి అవి ఎప్పుడు పారతాయో, ఎప్పుడు మూతపడతాయో చెప్పలేం. సరస్సులో 96 శాతం ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. నీళ్లు మనవి, తలుపు వాళ్లది అని తడ దగ్గర ఒక పెద్దాయన నవ్వుతూ అన్నాడు. జలశాస్త్రం పుస్తకంలో ఇంత చిన్న వాక్యంలో ఎవరూ చెప్పలేదు.

నడుమ సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకి వెళ్లే రోడ్డు. అటకానితిప్ప మీదుగా సరస్సును అడ్డంగా కోసుకుంటూ పోతుంది. కింద తూములున్నాయి, నీళ్లు అటూ ఇటూ కదులుతాయి. కానీ కిలోమీటర్ల కొద్దీ వెడల్పున్న నీటికి నాలుగు తూముల గుండా పోవడమంటే, సంతలో జనమంతా ఒక్క సందులోంచి బయటపడటం లాంటిది. రోడ్డుకు ఉత్తరాన ఉన్న భాగం వేసవిలో చాలామటుకు ఎండిపోయి తెల్లటి చవుడు పరుచుకుంటుంది.

ఉప్పు ఎందుకు అంతగా మారుతుందో తెలియాలంటే ఒక చిన్న లెక్క చేసుకోవచ్చు. మీటరు లోతు నీరుంది, దాని ఉప్పదనం 20 పీపీటీ, అంటే కిలో నీటిలో 20 గ్రాముల ఉప్పు. రోజుకు 6 మిల్లీమీటర్లు ఆవిరైందనుకుందాం. వాన లేదు, ఏరు లేదు, మొగ మూసుకుపోయింది. వంద రోజుల్లో 60 సెంటీమీటర్ల నీరు పోతుంది, ఉప్పు మాత్రం ఎక్కడికీ పోదు. మిగిలిన 40 సెంటీమీటర్లలో ఉప్పదనం 50 పీపీటీ. సముద్రం 35. ఎవరూ ఏమీ కలపకుండానే, ఎండ ఒక్కటే ఈ పని చేసిపెడుతుంది. పులికాట్‌లో వానల్లో దాదాపు సున్నా నుంచి ఎండల్లో 52 దాకా ఉప్పదనం నమోదైన మాట కొత్తదేం కాదు. కొత్త సంగతల్లా, ఆ సున్నాకీ 52కీ మధ్య తేడా కాలంతో పాటు చోటును బట్టి కూడా ఉంటుందని మన పట్టికలు ఒప్పుకోకపోవడమే.

మొదటి విడత: ఒకే రోజు, ఒకే జీపు, నాలుగు తప్పులు

ఎండాకాలం మొదట్లో వెళ్లాం. తెల్లవారి ఆరింటికి పళవేర్కాడు మొగ దగ్గర మొదటి శాంపిల్. అక్కడి నుంచి పడవ మీద పైకి. భీమునివారిపాలెం రేవు, ఇరకం దీవి చుట్టూ, వేనాడు దీవి వైపు, తర్వాత జీపెక్కి శ్రీహరికోట రోడ్డు, చివరికి మధ్యాహ్నం మూడింటికి రోడ్డుకు ఉత్తరాన మోకాటి బురదలో నడుచుకుంటూ పదో శాంపిల్. ఒక్క రోజులో అయిపోయిందని రాత్రి సూళ్లూరుపేట హోటల్లో బిర్యానీ కూడా తెప్పించుకున్నాం.

మొదటి తప్పు అదే, ఒక్క రోజులో అయిపోవడం. మేం దక్షిణం నుంచి ఉత్తరానికి వెళ్లామనుకున్నాం. నిజానికి పొద్దున్నించి మధ్యాహ్నానికి వెళ్లాం. నీటిలో నాచు, అడుగున గడ్డి, బురద మీద పాకే పచ్చటి పొర, ఇవన్నీ ఎండ ఎక్కేకొద్దీ ఆక్సిజన్ వదులుతాయి. రాత్రంతా అవే మళ్లీ పీల్చుకుంటాయి. లోతు తక్కువున్న నీటిలో ఈ ఊపు మరీ ఎక్కువ. మూడింటికి తీసిన నీటిలో డీఓ (కరిగిన ఆక్సిజన్) ఎక్కువ ఉండకపోతే ఆశ్చర్యపోవాలి. రొయ్యల చెరువు కాపలా కుర్రాడికి కూడా తెలిసిన సంగతి ఇది. ఏరేటర్లు (నీటిలోకి గాలి ఎక్కించే యంత్రాలు) రాత్రి రెండింటికి ఎందుకు ఆడిస్తారో అతన్ని అడిగితే చెబుతాడు. నేను మాత్రం పటం మీద రంగులు చూసి మురిసిపోయాను.

రెండో తప్పు పరికరానిది కాదు, దాన్ని వాడిన మాది. డీఓ ప్రోబ్ నిజానికి కొలిచేది ఆక్సిజన్ ఒత్తిడిని. లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములో అది లెక్కకట్టి చెబుతుంది, ఆ లెక్కకి ఉప్పదనం ఎంతో మనం చెప్పాలి. మా మీటరులో అది సున్నా దగ్గరే ఉండిపోయింది. ఉప్పు పెరిగేకొద్దీ నీరు పట్టుకోగల ఆక్సిజన్ తగ్గుతుంది. 30 డిగ్రీల దగ్గర మంచినీటికి సంతృప్త స్థాయి లీటరుకు 7.6 మిల్లీగ్రాములు, 35 పీపీటీ నీటికి 6.2, 50 పీపీటీ నీటికి 5.7. అంటే ఉత్తరాన నిజంగా 5.7 ఉన్నచోట మా మీటరు 7.6 చూపిస్తుంది. మూడో వంతు ఉచితంగా కలిపిందన్నమాట. ఉప్పు ఎక్కడ ఎక్కువుంటే అక్కడ కానుక కూడా ఎక్కువ. గంటల తప్పు, సెట్టింగు తప్పు రెండూ ఒకే దిక్కుకి లాగాయి కాబట్టే పటం అంత అందంగా వచ్చింది. ఎదురుబొదురుగా లాగి ఉంటే అంకెలు చిందరవందరగా ఉండేవి, మాకు అప్పుడే అనుమానం వచ్చేది.

మూడోది బద్ధకం. రోడ్డు దగ్గర శాంపిల్‌ను తూము నోట్లోనే ముంచాం, జీపు పక్కనే ఉంది కదా అని. తూములో నీరు సరస్సులోకెల్లా వేగంగా కదిలే నీరు. అటు నీళ్లు ఇటు, ఇటు నీళ్లు అటు కలిసే చోటు. అక్కడ తీసింది ఉత్తరానిదీ కాదు, దక్షిణానిదీ కాదు. రెండో విడతలో తూముకు దూరంగా, రెండు వైపులా విడివిడిగా తీశాం.

నాలుగోది ప్రయోగశాలలో జరిగింది. మేం పంపిన చోట అన్ని నీళ్లకీ చేసినట్టే వీటికీ డైక్రోమేట్‌తో సీఓడీ (నీటిలోని మలినాన్ని ఆక్సీకరించడానికి ఎంత ఆక్సిజన్ పడుతుందో చూసే పరీక్ష) చేసి ఇచ్చారు. ఆ పరీక్షలో క్లోరైడు కూడా ఆక్సీకరణం చెంది లెక్కలోకి వస్తుంది. లీటరుకు 2,000 మిల్లీగ్రాములు దాటితే ఆ పద్ధతి పనికిరాదని పరీక్షల పుస్తకంలోనే ఉంది. సముద్రపు నీటిలో క్లోరైడు 19,000. కాబట్టి మా సీఓడీ వరుస కొలిచింది కాలుష్యాన్ని కాదు, ఉప్పుని. ఉత్తరాన సీఓడీ ఎక్కువుందని చూసి, రొయ్యల చెరువుల వల్లే అన్నవాళ్లు "చూశారా" అన్నారు. ఆ వరుస మొత్తం కొట్టేయమన్నప్పుడు నా మీద వాళ్లకి కోపం వచ్చింది. ఇప్పటికీ పోలేదనుకుంటా.

తెల్లారుజామున రండి

తప్పు బయటపెట్టింది మేం కాదు. ముసాయిదా పటం పట్టుకుని ఇరకం వెళ్లినప్పుడు పడవ నడిపే అన్న దాన్ని కాసేపు చూసి, "ఉత్తరాన గాలి ఎక్కువుందంటారా నీళ్లల్లో? అట్టయితే చేప పైకొచ్చి నోరెందుకు తెరస్తాది సార్? తెల్లారుజామున రండి, చూపిస్తా" అన్నాడు.

వెళ్లాం. ఈసారి మూడు జట్లు, మూడు చోట్ల, ఒకే గంటకి. ప్రోబుతో పాటు వింక్లర్ సీసాలు కూడా పట్టుకెళ్లాం. ఈ పద్ధతి పాతదే. సీసాలో నీళ్లు నింపి, మాంగనీసు ద్రావణం, క్షారం కలిపిన అయోడైడు వేసి మూత పెడితే ఆక్సిజన్ ఉన్నదాన్ని బట్టి తెట్టు దిగుతుంది. బాగా ఉంటే బెల్లం పాకం రంగు, లేకపోతే తెలుపు. ఉప్పదనం సెట్టింగుతో దీనికి పనిలేదు. చీకట్లో టార్చి వెలుగులో సీసాలు వరసగా నిలబెట్టాం. మొగ దగ్గరిది ముదురు గోధుమ. ఇరకం పక్క పాయలోది దానికి కొంచెం లేత. ఉత్తరాన పడమటి అంచున, నీరు మోకాలి లోపు ఉన్నచోట తీసింది దాదాపు పాలలా ఉంది. పడవ అన్న వంగి చూసి ఏమీ అనలేదు, బీడీ వెలిగించుకున్నాడు. నాకు ఆ నిశ్శబ్దం కన్నా తిడితేనే నయమనిపించింది.

ఎందుకింత తేడా? దీనికీ ఒక లెక్క చాలు. 40 సెంటీమీటర్ల లోతున, 50 పీపీటీ నీరు సంతృప్తంగా ఉన్నా, ఒక చదరపు మీటరు అడుగు మీద నిలిచిన నీటిలో ఆక్సిజన్ మొత్తం 2.3 గ్రాములు. రెండు మీటర్ల లోతు పాయలో సముద్రపు నీరుంటే అదే చదరపు మీటరు మీద 12 గ్రాములకు పైనే. కింద బురద రెండుచోట్లా పీలుస్తూనే ఉంటుంది. ఒకడి సంచిలో ఒక పూట బియ్యం, ఇంకొకడి సంచిలో వారానికి సరిపడా. పైగా మొగ దగ్గర పోటు వచ్చి రోజూ సంచి నింపుతుంది. ఉత్తరాన నింపేవాడు లేడు, మళ్లీ ఎండ రావాలి.

ఆ బురదని కాలితో కలిపితే కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది. కాలుష్యం అనుకుని ముక్కు మూసుకుంటారు కొత్తవాళ్లు. ఉప్పునీటిలో సల్ఫేటు దండిగా ఉంటుంది, ఆక్సిజన్ అయిపోయినచోట బ్యాక్టీరియా దాన్ని వాడుకుని హైడ్రోజన్ సల్ఫైడు వదులుతుంది. మనిషి అడుగుపెట్టని మడ బురదలోనూ ఇదే వాసన. మధ్యాహ్నం సముద్రపు గాలి లేచి ఈ లోతులేని నీటిని చిలికినప్పుడు కలక పెరుగుతుంది, అడుగున ఉన్నది పైకి వస్తుంది. అందుకే కలక కొలిచిన గంట, ఆ గంట గాలి రాయకపోతే ఆ అంకె కూడా వృథానే. పారదర్శకత చూడటానికి మేం తీసుకెళ్లిన తెల్ల పళ్లెం చాలాచోట్ల నేల తాకింది, ఇంకా కనబడుతూనే ఉంది. దాన్ని మూడో రోజు నుంచి అన్నం మూత పెట్టుకోవడానికి వాడుకున్నాం.

ప్రమాణం ఏది?

ముసాయిదాలో పక్క గడిలో మాకిచ్చిన ప్రమాణం తాగునీటిది. కరిగిన ఘనపదార్థాలు లీటరుకు 500 మిల్లీగ్రాములు ఉండాలట! సముద్రంతో మాట్లాడే నీటిని ఆ గడిలో పెడితే ప్రతి చుక్కా ఫెయిలే. ఇలాంటి పట్టికలు నేను చాలా చూశాను, వాటి మీద రంగురంగుల నాణ్యతా సూచికలు కట్టడమూ చూశాను. ఇక్కడ వాడాల్సింది కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తీరజలాలకి పెట్టిన తరగతులు. గుల్లల పట్టు, ఉప్పునీటి చేపల పెంపకం, ఉప్పుమళ్లు, సున్నితమైన జీవావరణం ఉన్నచోటికి ఎస్‌డబ్ల్యూ-1. అందులో డీఓ లీటరుకు 5 మిల్లీగ్రాములు, లేదా సంతృప్త స్థాయిలో 60 శాతం, ఏది ఎక్కువైతే అది ఉండాలి.

ఇది సబబైన ప్రమాణమే. కానీ ఉత్తర పులికాట్‌కి పెట్టి చూడండి. 50 పీపీటీ, 35 డిగ్రీల నీటికి సంతృప్త స్థాయే 5.3. అంటే నీరు పట్టగలిగినంతా పట్టుకున్నా ప్రమాణానికి కాస్త పైన మాత్రమే ఉంటుంది, రాత్రి పదింటికల్లా కిందికి దిగిపోతుంది. ఎవరి తప్పూ లేకుండానే ఫెయిల్. అందుకని నివేదికలో ప్రతి చోటా మిల్లీగ్రాములూ, సంతృప్త శాతమూ రెండూ ఇచ్చాం. మిల్లీగ్రాములు చేపకి ఎంత దొరుకుతుందో చెబుతాయి. శాతం ఆ నీటికి ఏమవుతోందో చెబుతుంది. రెండూ వేర్వేరు ప్రశ్నలకి జవాబులు.

ఇంకో మాట. ఉత్తరపు నీరు చేపకి కష్టం, కానీ ఫ్లెమింగోకి కాదు. శీతాకాలంలో సూళ్లూరుపేట రోడ్డు మీద కార్లాపి ఫొటోలు తీసుకునేది ఆ లోతులేని ఉప్పునీటిలో మెడ వంచి జల్లెడపట్టే పక్షుల్నే. అక్కడ లోతు పెంచి, ఉప్పు తగ్గిస్తే ఊరికి రొయ్య రావచ్చు, పక్షి ఇంకో చోటు వెతుక్కోవచ్చు. "మంచి నీరు" అన్నప్పుడు ఎవరికి మంచిదో ఒక గడి ఉండాలని పట్టుబట్టాను. ఆ గడి చివరికి రాలేదు.

వానల తర్వాత అదే నీరు కాదు

మూడో విడత ఈశాన్య వానలు తగ్గాక. ఏర్లలో వరద వచ్చి, సరస్సు పడమటి సగం చప్పబడింది. మండపీతలు చేత్తో పట్టే యానాదుల ఆడవాళ్లు నీళ్లు నాలుక మీద వేసుకుని "సప్పగుండాది, పీత తూర్పుకి పోయుంటాది" అని చెప్పేస్తారు. ఉప్పదనం చూసే మా రిఫ్రాక్టోమీటరు అదే మాట కాస్త ఆలస్యంగా చెప్పింది. వేసవిలో ఉప్పదనం దక్షిణం నుంచి ఉత్తరానికి పెరిగితే, ఇప్పుడు పడమర నుంచి తూర్పుకి పెరిగింది. పటం తొంభై డిగ్రీలు తిరిగింది. సముద్రం కూడా 35 దగ్గర కూర్చోలేదు. గంగ, మహానది, గోదావరి, కృష్ణ వదిలిన మంచినీరు ఆ నెలల్లో తీరం వెంబడి దక్షిణానికి జారుకుంటూ వస్తుంది. అందుకే ప్రతి విడతలోనూ మొగ బయట సముద్రపు నీరు కూడా ఒక సీసా తీయాలి. మొదటిసారి తీయలేదు, పుస్తకంలో ఉన్న 35 వేసుకున్నాం.

ఎవరు ఏం కలుపుతున్నారన్న ప్రశ్నకి ఈ విడతే కాస్త పనికొచ్చింది. మజ్జిగలో నీళ్లు కలిపితే పులుపు ఎంత తగ్గాలో ముందే చెప్పొచ్చు. అలాగే ఏటి నీరూ సముద్రపు నీరూ కలిసినప్పుడు, ఉప్పదనం తెలిస్తే సిలికా, నైట్రేటు ఎంత ఉండాలో ఒక గీత గీయొచ్చు. కొలిచింది ఆ గీత మీద ఉంటే కలయికే జరిగింది. పైనుంటే దారిలో ఎవరో కలిపారు. కిందుంటే దారిలో ఏదో తినేసింది. మా చుక్కల్లో నైట్రేటు సరస్సు నడుమ గీత కిందికి పోయింది, నాచు తినేసిందనుకోవచ్చు. పడమటి అంచున అమ్మోనియా గీత పైకి లేచింది. అంటే అక్కడ అదనంగా వచ్చి పడుతోంది. ఊరి మురుగా, చెరువుల నీళ్లా, పశువులా, లేక ఆక్సిజన్ లేని బురద తనకు తానే వదిలిందా? ఈ గీత చెప్పదు. నివేదికలో కూడా చెప్పలేదు. ఒకరి పేరు రాస్తే బావుండేదని అడిగినవాళ్లున్నారు.

వేసవిలో ఈ గీత పనిచేయదని తెలుసుకోవాలి. ఆవిరయ్యేకొద్దీ సరస్సు నీటి ఉప్పదనం గీతకి రెండు కొసలైన ఏటి నీటినీ, సముద్రపు నీటినీ దాటి పోతుంది. ముందు ఉప్పదనంతో భాగించి సాంద్రత పెరిగిన వంతు తీసేస్తేనే మిగతా మాట.

అమ్మోనియా దగ్గర మళ్లీ గంటే అడ్డొచ్చింది. చేపకి విషం మొత్తం అమ్మోనియా కాదు, అందులో అయానుగా మారని భాగం. 30 డిగ్రీల దగ్గర పీహెచ్ 8 ఉంటే అది పది శాతం లోపు. మధ్యాహ్నం నాచు కార్బన్ డయాక్సైడు లాగేసి పీహెచ్ 9కి తీసుకెళ్తే సుమారు 40 శాతం. ప్రయోగశాల ఇచ్చే అంకె రెండు వేళలా ఒకటే, చేప పడే బాధ మాత్రం ఒకటి కాదు. అందుకని సీసా నింపిన నిమిషంలోనే పీహెచ్, వేడి అక్కడే చూసి రాశాం.

మొగ తవ్వితే సరిపోతుందా?

ఎక్కడికెళ్లినా అడిగిన ప్రశ్న ఇదే. అడిగినవాళ్లకి చిలికా గుర్తుంటుంది. అక్కడ 2000 సెప్టెంబరులో కొత్త మొగ తవ్వారు. ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల మాంట్రో జాబితాలో 1993లో చేరిన సరస్సు 2002లో బయటపడింది. చేపల పట్టు కూడా పెరిగింది. నిజమే. కానీ చిలికాని ఉత్తరం, మధ్య, దక్షిణం, సముద్రపు పాయ అని నాలుగు ముక్కలుగా చూస్తారు. ఉత్తరాన మహానది పాయల మంచినీరు, పాయలో సముద్రపు ఊపు, ఒక్కో ముక్కది ఒక్కో తీరు. మొగ తెరిస్తే నాలుగూ ఒకేలా మారతాయని అక్కడెవరూ అనుకోరు.

పులికాట్‌లో మేం చెప్పింది ఇంతే. దక్షిణపు మొగ తెరిచి ఉంటే పళవేర్కాడు నుంచి ఇరకం దాకా నీరు మారుతుంది, ఆ తేడా పోటు పాటుల మధ్య ఆరు గంటల్లోనే మీటరులో కనిపించింది. వేనాడు దాటాక అది నీరసపడింది. రోడ్డు దాటాక దాని జాడ మాకు దొరకలేదు. కాబట్టి ఉత్తరానికి ఉత్తరపు మొగో, రోడ్డు కింద వెడల్పైన దారులో కావాలి. రెండూ అయినా తీరం వెంట ఇసుక నడక ఆగదు. నైరుతి గాలులకి ఉత్తరానికి, ఈశాన్య గాలులకి దక్షిణానికి అది కదులుతూనే ఉంటుంది, తవ్విన మొగలో మళ్లీ కూర్చుంటుంది. ఒకసారి తవ్వి రిబ్బను కత్తిరించే పని కాదిది, ఇంటి ముందు వాకిలి ఊడ్చినట్టు ఏటా చేయాల్సింది. ఈ మాట నివేదికలో నాలుగో అధ్యాయంలో ఉంది. సారాంశంలోకి ఎక్కలేదు.

సగటు వరుస గురించి చివరిదాకా బేరం నడిచింది. పది చోట్ల ఉప్పదనాన్ని కలిపి పదితో భాగిస్తే వచ్చే ఒక్క అంకె మొగ దగ్గరి నీటి సంగతీ చెప్పదు, ఉత్తరపు నీటి సంగతీ చెప్పదని చూపించాక ఆ వరుస తీసేయడానికి ఒప్పుకున్నారు. దాని బదులు మూడు పటాలు ఇచ్చాం: వేసవి తెల్లారుజాము, వేసవి మధ్యాహ్నం, వానల తర్వాత.

ఇప్పుడు మా సీసాల మీద చీటీ మారింది. చోటు పేరు, తేదీ కింద గంట, పోటా పాటా, గాలి దిక్కు, నీటి లోతు, మీటరులో పెట్టిన ఉప్పదనం. చివరి గడి కొత్త కుర్రాళ్లు ఖాళీగా వదిలేస్తుంటారు. ఖాళీ ఉన్న సీసా జీపెక్కదు.